రాతిమీద నాలుగో పంక్తి

మా సైటులో గ్రానైటు కోసే మిషన్ మీద నీళ్లు పడగానే లేచే తడి రాతిపొడి వాసనకు, కొలతలు రాసుకుంటున్న నేను కాసేపు ఆగిపోతాను. నాకు పదేళ్లప్పుడు, ఒక ఎండాకాలపు ఆదివారం, బళ్లారిలో మా చర్చి ఆవరణంతా ఆ వాసనే.

ఆ ఉదయం సత్యనారాయణపేట నుంచి నాన్న సైకిలు ముందుకడ్డీ మీద కూర్చుని వెళ్లేసరికి, పెరట్లో చిత్రాన్నం తాలింపు, కేసరిబాత్ నెయ్యి, లోపల మల్లెదండలు, గంజి పెట్టిన కొత్త చీరలు, వేదిక పక్కన గోడకు ఆనించి దుప్పటి కప్పిన నల్లరాయి. పొడవు మూడడుగులు, వెడల్పు రెండు, పంక్తులు ఐదు. ముప్పై నాలుగేళ్లు మాకు పాస్టరుగా ఉండి, ఏడాది క్రితం చనిపోయిన అయ్యగారి జ్ఞాపకార్థం దాన్ని చెక్కించింది సంఘ కార్యదర్శి అయిన మా నాన్నే.

దుప్పటి తీయాల్సిన అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఏమప్పా జయరాజూ, దీనికి చేతులు యాడ ఎత్తించినావు?"

మా సంఘానికి పైన బిషప్పు ఉండడు. గోడకు సున్నం కొట్టించాలన్నా, కొత్త పాటల పుస్తకాలు తేవాలన్నా సభ్యులందరూ కూర్చుని చేతులెత్తి తేల్చుకోవడమే పద్ధతి, అందులో అయ్యగారిదీ ఒక్క చెయ్యే. వర్ధంతి దగ్గరపడిందన్న తొందరలో నాన్న ఎవరినీ అడగలేదు. ఇప్పుడు సంఘం కాదంటే, అనంతపురం నుంచి వచ్చిన అతిథుల ముందు పరువూ, పదవీ రెండూ పోతాయి.

"టైము లేకపాయ అమ్మగారూ."

"ఇప్పుడుండాది కదా."

దుప్పటి తీయించి ఐదు పంక్తులూ చదివించారు. చకచకా చేతులు లేచాయి.

"దించండి," అన్నారామె. "ముందు కాదనేటోళ్లు మాట్లాడాల. అయ్యగారు అట్లే కదా చేస్తాండె."

ఫ్యాను కిర్రుమంటోంది. నాన్న చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చివరికి వెనక చాపమీంచి, పొలం కూలికి వెళ్లే కప్పగల్లు ఊరి సువార్తమ్మవ్వ లేచింది.

"నాలుగో లైన్లో ఏంది, ఈ గుడి కట్టినోడు అయ్యగారొక్కడే అన్నట్టుండాది? గార మోసీ మోసీ నా నెత్తి బోడైపాయ. మేం యాడికి పోయినామప్పా?"

ఎవరో నవ్వారు. అమ్మగారు నవ్వలేదు.

"నిజమే. ఆయప్ప గూడా మీతోనే మోసె. ఆ లైను తీసేద్దామనేటోళ్లు ఎత్తండి."

మొదట ఆమె చెయ్యి లేచింది. తర్వాత ఒక్కొక్కటే. నేను లెక్కపెట్టాను: యాభై మూడు. నాన్నది లేవలేదు.

"ఏంరా జయరాజూ, చెయ్యి నొస్తాందా?" అంది అవ్వ.

నాన్న చెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది. తర్వాత పూర్తిగా లేచింది. అన్నాలకు ముందే మేస్త్రీ వచ్చి రాయిని బయటికి తీయించి ఆ పంక్తిని ఉలితో చెక్కి తీసేశాడు. లేచే పొడిమీద చెంబుతో నీళ్లు చల్లుతూ నాన్న పక్కనే నిలబడ్డాడు.

ఇప్పుడు అమ్మగారు లేరు, సువార్తమ్మవ్వ లేదు, చాపలు పోయి కుర్చీలొచ్చాయి, సంఘ సభ ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ చెప్పలేరు. పోయిన నెల చర్చిని పడగొట్టి కొత్తది కడతామంటూ నమూనా ఫోన్లో సంఘం వాట్సాప్ గ్రూపుకు వచ్చింది, కింద వరుసగా సరేనంటూ పైకెత్తిన బొటనవేళ్ల గుర్తులు. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు.

"కాదనేటోళ్లను అడిగినారా?"

నేను అప్పటికే నా బొటనవేలు నొక్కేశాను.