సీతమ్మ తల్లిగారింటికి కబురు

ఎండాకాలం వస్తే పర్ణశాలకు జనం పెరుగుతారు. బడులకు సెలవులు. భద్రాద్రి రాముణ్ణి చూసుకున్నవాళ్ళు మిగిలిన పూటకు అక్కడికి వస్తారు. వాగు ఒడ్డున రాళ్ళ మీద పసుపు చారలు, ఎర్ర చారలు ఉంటాయి. సీతమ్మ చీర ఆరేసుకున్న గుర్తులని చెబుతారు. ఆ రాళ్ళకు నాలుగు బారల దూరంలో గోనెసంచి పరుచుకొని, మోదుగాకులు ముందు పోసుకొని, కన్నమ్మ విస్తర్లు కుడుతూ కూర్చునేది.

అప్పటికి ఆమెకు యాభై నిండాయేమో. వయసు లెక్క ఆమెకే తెలియదు. పెనిమిటి జ్వరంతో పోయి పదేళ్ళు. ఇద్దరు కూతుళ్ళను పక్క గూడేలకే ఇచ్చింది. దాహమని అడిగిన వాళ్ళకు కుండలో నీళ్ళు ముంచి ఇచ్చేది. పిల్లలు ఎండకు ఏడుస్తుంటే తాను కూర్చున్న చెట్టు నీడలోకి జరిగి కూర్చోమనేది. అడిగిన వాళ్ళకు చీర చారలు చూపించేది. కానీ వచ్చిన వాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "రావణుడు ఎత్తుకపోయింది ఈడికెల్లే గదా?"

ఆ మాటకు కన్నమ్మ తల వంచుకునేది. ఇంకో ఆకు అందుకునేది.

కన్నమ్మ వాళ్ళ గూడెం దేవుళ్ళు వేరు. కొండకొక వేల్పు, పంటకొక పండుగ. అయినా సీతమ్మ వాళ్ళకు పరాయిది కాదు. "మన ఊరికొచ్చిన సుట్టం" అంటారు. పొరుగూరి ఆడబిడ్డకు తమ గూడెంలో ఉండగా ఏదైనా కీడు జరిగితే, గూడెం తరఫున ఒకరు ఆమె తల్లిగారింటికి పోవాలని వాళ్ళ కట్టుబాటు. ఆ ఇంటి గడప ముందు నేలమీద కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాలి. తిట్టినా పడాలి, కొట్టినా పడాలి. చెప్పకుండా ఊరుకుంటే ఆ తప్పు గూడేన్నే పట్టుకొని ఉంటుంది. కన్నమ్మ తల్లి ఆకులు కోసుకొని వాగు దాటిన ప్రతిసారీ ఆ రాళ్ళ దగ్గర ఆగి అనేది: "నమ్మి మన అడివికొచ్చిన పిల్లను కాపాడుకోలేకపోతిమి బిడ్డా. ఆ తల్లికి కబురన్న చెయ్యకపోతిమి." ఆ తల్లిగారిల్లు ఎక్కడుందో గూడెంలో ఎవరికీ తెలియదు. తల్లి ఆ దిగులుతోనే పోయింది. దిగులు కన్నమ్మకు వచ్చింది.

ఎనభై ఆరో సంవత్సరం వైశాఖంలో ఖమ్మం పక్క ఖానాపురం హవేలి నుంచి గోపాలు సారు వచ్చాడు. బడిపంతులుగా దిగిపోయాక ఏటా వేసవిలో ఒక బస్సు మాట్లాడి, నలభై మందిని యాత్రకు తీసుకుపోవడం ఆయన పని. రోజుకు రెండు పూటలా అందరికీ విస్తర్లు కావాలి. ఆకులు కట్టలు కట్టి బస్సు మీద వేసుకొని, దారి పొడుగునా కుట్టే మనిషి కోసం వెతుకుతున్నాడు.

"కాశి, ప్రయాగ, గయ చూపిస్త. నేపాల్ దాక పోతం. వస్తవా కన్నమ్మా?"

"నేపాలంటె ఏంది సారూ?"

"వేరే రాజ్యం. పశుపతినాథుడు ఉంటడు. మన సీతమ్మ పుట్టింది గూడ ఆ దేశంలనే."

కన్నమ్మ చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది. కాశి, ప్రయాగ ఆమె చెవికెక్కలేదు. "వస్త" అంది. ఆ సాయంత్రమే గూడెం పెద్దకు చెప్పింది. ఆయన ఆ ఏడు ఎండబెట్టిన ఇప్పపువ్వు దోసెడు తెచ్చి ఆమె కొంగున ముడివేశాడు. "ఉత్త చేతులతోని పోవద్దు. మనందరి పేరు చెప్పు" అన్నాడు.

బస్సు నడిపేది ఏన్కూరు దగ్గరి తండా మనిషి హరిలాల్. బస్సు కుదుపుకు ఆకు చిరగకుండా కుట్టాలంటే ఎక్కడ కూర్చోవాలో ఆయనే చూపించాడు. తన సీటు వెనక కిందనే, ఇంజను పక్కన. ఎండిన ఆకుల మీద తడిగుడ్డ కప్పి, మెత్తబడ్డాక ఒకదాని మీద ఒకటి పేర్చి, సన్నటి వెదురుపుల్లతో గుచ్చి తుంచుతూ, నాగ్‌పూర్ వచ్చేసరికి కన్నమ్మ రెండు వందల విస్తర్లు దొంతి పెట్టింది.

తిరుమలాయపాలెం నుంచి వచ్చిన నాగక్క అనే పెద్దామెకు నోరు ఊరుకోదు. "ఏందే కన్నమ్మా, నీ ఇస్తరి మా ఇంటి తలుపంత ఉన్నది! దీన్ల ఏసిన బువ్వ ఏ మూలకు పోయిందో దేవులాడాలె."

"నీ నోటికి సరిపోవాలె గదా అక్కా" అంది కన్నమ్మ. బస్సంతా నవ్వింది. అందరికంటే నాగక్కే ఎక్కువ నవ్వింది. అప్పటి నుంచి అన్నం దగ్గర కన్నమ్మకు పక్కన చోటు పట్టి ఉంచేది.

కాశీలో గంగ చూసి కన్నమ్మ గోదారిని తలచుకుంది. సరిహద్దు దాటి కొండదారి పట్టినప్పుడు మాత్రం దేన్ని తలచుకోవాలో ఆమెకు తెలియలేదు. బస్సు పాములా మెలికలు తిరుగుతూ ఒక పగలంతా ఎక్కింది. మరునాడు పొద్దున్నే, ముందురోజు వాన కడిగిపెట్టిన ఆకాశంలో, ఉత్తరం దిక్కున తెల్లగా ఏదో కనిపించింది.

"అవి మొయిళ్ళా హరిలాలూ?" అని అడిగింది కన్నమ్మ.

"మొయిళ్ళు గాదవ్వా. కొండలు."

"కొండలు గంత మీదికి ఎట్లుంటయి? ముసల్దాన్నని ఎగతాళి చేస్తున్నవా?"

హరిలాల్ బస్సు పక్కకు ఆపాడు. అందరూ దిగారు. తాను పుట్టి పెరిగిన కొండల మీద కన్నమ్మ చిన్నప్పటి నుంచి ఆకులు కోసింది. చేతికి అందేవే కొండలనుకుంది. ఇవి నేలను వదిలి, అడవిని వదిలి, మబ్బును కూడా కిందికి నెట్టి నిలబడ్డాయి. ఎండ తగిలిన చోట బంగారం, తగలని చోట పాలు. వాటిని చూస్తుంటే గాలి పీల్చడం కూడా పెద్ద చప్పుడనిపించింది. కన్నమ్మ నేల మీద కూర్చుంది. నాగక్క తన శాలువా తీసి ఆమె భుజాల మీద వేసింది, ఒక్క మాట అనకుండా. ఆమె మాట అనకపోవడం అదే మొదలు.

'ఇంతటి దేశం పిల్ల,' అనుకుంది కన్నమ్మ. 'మా వాగు నీళ్ళు తాగి బతికింది.'

కాఠ్మాండులో పశుపతి దర్శనం అయ్యాక కన్నమ్మ గోపాలు సారు దగ్గరికి వచ్చి నిలబడింది.

"సారూ, ఇగ తల్లిగారింటికి పోదామా?"

"ఎవరి తల్లిగారిల్లు?"

"సీతమ్మది."

సారు జేబులోంచి కాగితం తీసి చూశాడు. "జనక్‌పూర్ మన లిస్టుల లేదు కన్నమ్మా. అది కింద మైదానంల, ఎటో తూర్పుకు."

"ఈ దేశమే అన్నరు గదా మీరు."

"దేశం గదే. దేశమంటె మీ గూడెమా, ఈ చివర పిలిస్తె ఆ చివర పలకనీకి?" అన్నాడు. వెక్కిరింపుగా అనలేదు. గయలో పిండాలు పెట్టించే పంతులుకు తేదీ చెప్పి పెట్టానని, ఒక్క దినం కూడా తప్పడానికి లేదని నెమ్మదిగా వివరించాడు. కన్నమ్మ "అవ్ సారూ" అని వచ్చేసింది.

మరునాడు పొద్దున వడ్డనలో నాగక్క కేకేసింది. చారు కారి ఆమె చీరంతా పసుపయింది. పక్కామె విస్తరి కూడా కారింది. ఆ పక్కదీ అంతే.

"ఏందే కన్నమ్మా! ఇరవై దినాల సంది ఒక్క చుక్క కిందికి పోలే. ఇయ్యాల నీ చేతులకు ఏమొచ్చింది?"

కన్నమ్మ కారుతున్న విస్తరిని రెండు చేతులా పట్టుకొని ఏడ్చింది. నాగక్క చారు సంగతి మరిచిపోయి పక్కన కూలబడింది. కన్నమ్మ చెప్పింది. కట్టుబాటు చెప్పింది, తల్లి మాట చెప్పింది, కొంగుముడి చూపించింది. నాగక్క అంతా విని, తడి చీరతోనే సారు దగ్గరికి పోయింది.

"ఇయ్యాల పగటికెల్లి మనకేం పని సారూ?"

"బజారు. గొడుగులు, రగ్గులు కొంటమన్నరు గదా మీరందరు."

"గొడుగులు కొననీకి పూటంత ఉన్నది, సీతమ్మ తల్లిగారింటికి పూట లేదా? నాకు గొడుగొద్దు. ఎండల పుట్టిన, ఎండలనే పోత."

ఆమె వెనక ఒకరొకరే "మాకొద్దు, మాకొద్దు" అన్నారు. రగ్గు కోసం యాత్రకు వచ్చినట్టున్న ఒకాయన కూడా కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. సారు హరిలాల్ వైపు చూశాడు.

"ఇప్పుడు ఎల్లితె రేపు పగటియాల్లకు జనక్‌పూర్‌ల ఉంటం సారూ. గయకు తేదీ తప్పది. నా నిద్ర కొంచెం తగ్గుతది, గంతే గదా."

మరునాడు నడి మధ్యాహ్నం దిగారు. ఎదురుగా జానకీ మందిరం. గుడి అనుకుని దిగినవాళ్ళు కోట చూశారు. పొడవాటి తెల్ల గోడలు, అంతస్తు మీద అంతస్తు, గుమ్మటాలు, ఎన్నని లెక్కపెట్టలేని కిటికీలు, ఒక్కొక్క కిటికీకి రాతితో అల్లిన జాలీ. ఎండలో అది కొండల మీద చూసిన మంచులాగే మెరుస్తోంది. ఇది డెబ్బై ఎనభై ఏళ్ళ కింద ఒక రాణి కట్టించిందని సారు చెబుతున్నాడు. కన్నమ్మ వినలేదు. ఆమెకది సీతమ్మ ఆడుకున్న ఇల్లే. ఒక్కో కిటికీలోంచి చిన్న పిల్ల తొంగిచూస్తున్నట్టే ఉంది. ఇంత ఇంట్లో పెరిగిన బిడ్డ తమ దగ్గర ఆకుల కప్పు కింద, మట్టి మీద పడుకుంది. ఏనాడూ చిన్నచూపు చూడలేదు.

తలుపులు మూసి ఉన్నాయి. నాలుగింటికి తెరుస్తామని కాపలా మనిషి నాలుగు వేళ్ళు చూపించాడు. నాలుగింటి దాకా ఆగితే గయ తేదీ తప్పుతుంది.

"గంట ఆగుతం. గంటకు మించి కాదు" అన్నాడు సారు. ఆయన గొంతులోనూ బాధ ఉంది.

కన్నమ్మ మాత్రం నిశ్చింతగా పోయి, మూసిన తలుపు ముందు, గడపకు కొంచెం ఇవతల నేలమీద కూర్చుంది. కట్టుబాటు గడప ముందు కూర్చోమన్నదే కాని లోపలికి పొమ్మనలేదు. కానీ చెబితే వినేవాళ్ళు? తలుపుకు చెబితే చెప్పినట్టవుతుందా?

గోడ నీడలో ఒక ముసలామె కూర్చుని ఉంది. ముందు ఆకుల కట్ట. మోదుగ కాదు, ఇంకేదో పెద్దాకు. ఆమె ఆకు మీద ఆకు పేర్చి, సన్నటి వెదురుపుల్ల గుచ్చి, తుంచి, తిప్పి మళ్ళీ గుచ్చుతోంది. కన్నమ్మ కళ్ళప్పగించి చూసింది. ఆ గుచ్చడం, ఆ తుంచడం, బొటనవేలితో అదమడం, అన్నీ తనవే. ఇన్ని నదులు దాటి, రాజ్యం దాటి వస్తే, తన తల్లి నేర్పిన కుట్టు ఇక్కడ ఈమె చేతుల్లో ఉంది.

కూర్చున్న చోటనే జరుగుతూ పోయి, ఒక ఆకు అందుకొని కుట్టి చూపించింది. ముసలామె ఆ విస్తరిని ఎండకు పట్టి, సందుల్లేవని తల ఊపి, ఏదో అడిగింది. నాగక్క పరుగున పోయి హరిలాల్‌ను లాక్కొచ్చింది. ఆయన లంబాడీ మాట ఇక్కడి మాటకు చుట్టరికం. సగం నోటితో, సగం చేతులతో నడిచింది.

"ఎక్కడోళ్ళు అంటున్నది అవ్వా. రాముని దిక్కోళ్ళా అని నవ్వుతున్నది. మొగపెండ్లోళ్ళయితె ఇక్కడ ఎగతాళికి తిట్ల పాటలు పాడుతరంట."

"కాదని చెప్పు. రాముని దిక్కు కాదు, సీతమ్మ దిక్కు కాదు. అడివి దిక్కు. వాళ్ళు అడివిల ఉన్ననాడు మా ఊళ్ళె ఉన్నరని చెప్పు." కన్నమ్మ మోకాళ్ళ మీదికి లేచి రెండు చేతులూ జోడించింది. "మా తాన ఉన్నప్పుడే పిల్లను ఎత్తుకపోయిండ్రు. మేం చూడలే. అడ్డం పోలే. మా గూడెం తప్పయింది. తల్లిగారింటికి చెప్పాలని మా అమ్మ అన్నది. ఆమెకు తొవ్వ తెలువలే. నాకు ఇప్పుడు తెలిసింది. చెప్పు హరిలాలూ, ఒక్క ముక్క ఇడువకు."

హరిలాల్ ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. ముసలామె వింటూ వింటూ పుల్ల కింద పెట్టింది. తలుపు వైపు చూసింది. తిడుతుందేమోనని కన్నమ్మ తల వంచుకొని ఉంది.

ముసలామె మెల్లగా మాట్లాడింది. హరిలాల్ ఒక్కో మాట తీసి పెట్టాడు.

"అయోధ్య నుంచి ఎవ్వరు రాలేదంట. అడివికి పంపినంక రాలే, ఇంట్లకెల్లి ఎల్లగొట్టినంక రాలే. మీ బిడ్డకు గిట్ల అయిందని చెప్పనీకి ఇన్ని దినాలల్ల ఎవ్వరు రాలేదంట. అడివోళ్ళు వచ్చిండ్రు అంటున్నది. తప్పు మీది గాదంట అవ్వా. తప్పున్నోళ్ళు రారు అంటున్నది."

కన్నమ్మ కొంగుముడి విప్పింది. ఇప్పపువ్వు చూడగానే ముసలామె "మహువా!" అని గుప్పిట్లోకి తీసుకొని వాసన చూసి, కళ్ళకు అద్దుకుంది. లేచి పక్క సందులోకి పోయి, చిన్న చేటతో తిరిగివచ్చింది. అందులో బియ్యం, పసుపుకొమ్ము, నాలుగు గరికపోచలు ఉన్నాయి. కన్నమ్మను కొంగు పట్టమంది. అయిదు దోసిళ్ళు పోసింది.

నాగక్క నోటిమీద చేయి వేసుకుంది. "ఒడిబియ్యం! వీళ్ళకు గూడ ఉన్నదానె!"

"పెనిమిటి ఉన్న లేకున్న, తల్లిగారింటికెల్లి పోయే ఆడబిడ్డ ఒడి ఉత్తగ ఉండొద్దంట" అన్నాడు హరిలాల్. "నిన్నే అంటున్నది అవ్వా."

అప్పుడే సారు గడియారం చూసుకుంటూ వచ్చాడు. కన్నమ్మ ఒడి చూసి, గడియారం జేబులో పెట్టుకున్నాడు. "ఇక్కడనే తిని పోదాం" అన్నాడు. వంటవాళ్ళు గుండిగలు దించారు. ముసలామె తన దొంతి మొత్తం ముందుకు తోసింది. అందరి ముందూ ఆమె కుట్టిన విస్తర్లే పరిచారు.

కన్నమ్మ ముందు కూడా ఒకటి పడింది. తల్లి పోయిన నాటి నుంచి ఆమె వేరొకరు కుట్టిన విస్తరిలో తినలేదు. ఒళ్ళో బియ్యం జారకుండా ఎడమచేత్తో కొంగు అదుముకొని, కుడిచేత్తో ఆకు అంచులు ఒకసారి తడిమింది. నాగక్క వచ్చి అన్నం పెట్టింది, చారు పోసింది, ఆగి వంగి చూసింది. ఒక్క చుక్క కూడా కిందికి పోలేదు.