గంజి పెట్టని అల్లిక

ఇతావుగ్వా ఊళ్ళో నిమియా నోటికి జడవనివాళ్ళు ఇద్దరే. ఒకరు, ఎప్పుడో పోయిన వాళ్ళమ్మ బోనిఫాసియా. ఆ నోరు ఇచ్చిందే ఆవిడ కాబట్టి ఆవిడకు భయం లేదు. రెండో మనిషి పెద్దరోడ్డు మీద అల్లికల దుకాణం పెట్టుకున్న లెయొనార్దా. ఆవిడకు తన గొంతు తప్ప మరొకరి మాట చెవిన పడదు కాబట్టి భయం లేదు.

నిమియాకు అరవై ఏడేళ్ళు. రెండో తరగతితో బడి మానేసింది. సంతకం పెట్టమంటే పెన్ను తేలుని పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. అదే చేతికి సూది ఇచ్చి చూడండి. చెక్కచట్రం మీద గుడ్డను డోలుచర్మంలా బిగించి, దాని మీద బండిచక్రం ఆకుల్లా దారాలు లాగి, వాటి మధ్య సూదితో అల్లుతూ పోతే సాలీడు సిగ్గుపడి పక్కకు తప్పుకోవాలి. అల్లడం అయ్యాక చట్రం మీదనే ఉతికి, కర్రపెండలం గంజి పట్టించి, ఎండబెట్టి, అప్పుడు కింది గుడ్డను కత్తిరించి పారేస్తారు. మిగిలేది ఒట్టి దారాల పువ్వు. గంజి బాగా పడితే పళ్ళెంలా నిలబడుతుంది.

ఆ ఊళ్ళో ప్రతి నమూనాకూ పేరుంది. జామపువ్వు, చీమలపుట్ట, చిలకముక్కు. బోనిఫాసియా నమూనా పేరు ఖాళీ సీసా. ఆవిడ మొదటి భర్త ఫెర్మీన్, చాకో అనే నీళ్ళులేని బీడునేల కోసం జరిగిన యుద్ధానికి వెళ్ళి, తూటా తగలకుండానే, గుక్కెడు నీళ్ళు దొరక్క పోయాడు. ఇంటికి వచ్చింది అతని రేకు నీళ్ళసీసా ఒక్కటే. ఆ ఏడాదే ఆవిడ దాన్ని దారంతో అల్లింది. గుండ్రటి ఒళ్ళు, పొట్టి మెడ, మధ్యలో మాత్రం దారాలు లాగి అల్లకుండా వదిలేసింది. ఆ ఖాళీని ఎవరూ పూడ్చకూడదని కూతురి దగ్గర మాట తీసుకుంది. నిమియా పూడ్చలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ నమూనా అల్లి లెయొనార్దా దుకాణానికి ఇస్తూనే ఉంది.

ఒక ఉదయం పక్కింటి కాందిదా పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. నిమియా అప్పుడు కొమ్ముగ్లాసులో గొట్టం పెట్టుకుని, ఆకు నానేసిన చల్లటి మాతే పీలుస్తోంది.

"అక్కా, నీ అల్లిక పేపర్లో పడింది!"

"నన్నడక్కుండా ఎవరు వేశారే?"

"అధ్యక్షభవనంవాళ్ళు. కొత్త అధ్యక్షుడు కళలకని ఒక ఆఫీసు పెట్టాడట. భవనం పెద్దహాల్లో దేశంలోని చేతిపనులన్నీ గోడలకు తగిలిస్తారట. మన ఊరి అల్లికకి నడిమి గోడ ఇచ్చారు."

నిమియా గ్లాసు పక్కన పెట్టి అరచేత్తో మూతి తుడుచుకుంది. "మా అమ్మ సీసా అధ్యక్షుడి గోడ మీదా? చదువు, చదువు."

కాందిదా గొంతు తగ్గింది. "రిపబ్లిక్ సూర్యుడు అనే ఈ అపురూపమైన నమూనాను స్వయంగా సృష్టించిన కళాకారిణి లెయొనార్దాకు అధ్యక్షులవారు పతకం..."

"సూర్యుడా?" నిమియా లేచి నిలబడింది. "అది మా అమ్మ మొగుడి నీళ్ళసీసా!"

అరగంటలో దుకాణంలో ఉంది. లెయొనార్దా అద్దం ముందు నిలబడి మెడలో రకరకాల రుమాళ్ళు పెట్టి చూసుకుంటోంది.

"మా అమ్మ పేరేదీ?"

"వచ్చావా నిమియా? నేనే కబురు పెడదామనుకున్నా. రెండు బారల అల్లిక కావాలి, భవనానికి."

"మా అమ్మ పేరేదని అడిగాను."

"చచ్చినవాడి సీసా అని రాస్తే అధ్యక్షుడు గోడకి తగిలిస్తాడా? సూర్యుడంటే కళగా ఉంటుంది. అయినా మీ అమ్మ నాకు అమ్మింది, నేను కొన్నాను. కొన్నది నాది."

"మీరు కొన్నది గుడ్డ. మా అమ్మని కాదు."

లెయొనార్దా నవ్వింది. ఆ నవ్వు నిమియాకు బతికున్నన్నాళ్ళూ గుర్తుంటుంది. "సరే, నువ్వే వెళ్ళి నిలబడు. పేరు రాయమంటే వేలిముద్ర వేస్తావా అధ్యక్షుడి ముందు? నువ్వు అల్లుకోవే అమ్మా, మాట్లాడటం నాకొదిలెయ్. ఆ, ఇంకోటి. గుడ్డ కొయ్యకు. చట్రంతో తీసుకురా. అందరి ముందూ నేనే కోస్తాను, టీవీలో బాగుంటుంది."

నిమియా తిరిగి ఒక్క తిట్టూ తిట్టకుండా, దారపు ఉండలు ఎంచుకుని సంచిలో వేసుకుంది. ఊళ్ళో అది చూసినవాళ్ళు తక్కువ. ఆమె తిట్టలేదంటే లోపల ఇంకేదో తయారవుతోందని అర్థం.

రెండు నెలలు అల్లింది. నలభై సీసాలు, నలభై ఖాళీలు. ఒక్క కుట్టు తప్పు పోలేదు. అంత పని ఆమె తన జీవితంలో చేయలేదు. తప్పు పట్టడానికి దారపుపోగంత చోటు కూడా వదలదలుచుకోలేదు మరి. ఉతికి ఆరబెట్టాక, కాందిదా గంజి గిన్నె తెచ్చింది.

"లోపల పెట్టు," అంది నిమియా.

"అయ్యో, మర్చిపోయావా అక్కా? గంజి పెట్టందే ఎలా?"

"మర్చిపోయే బుద్ధే ఉంటే ఇన్నేళ్ళ కోపం నా దగ్గర నిలిచేదా?"

చట్రం మీద ఉన్నంతసేపూ ఏ అల్లికయినా బిగిసే ఉంటుంది. గంజి ఉందో లేదో కంటికి తెలియదు. గోరుతో దారాన్ని ఒక్క గీత గీస్తే తెలుస్తుంది. ఎండిన గంజి ఉంటే తెల్లటి పొడి రాలుతుంది. ఆ ఊళ్ళో అల్లిక అందుకున్న ఏ ఆడదైనా ముందు చేసే పని అదే.

చట్రం అప్పగించేటప్పుడు నిమియా లెయొనార్దా ముఖంలోకి చూసి అంది, "ఒక్కసారి చేత్తో చూసుకోండి."

"చూసేదేముంది? నా అల్లిక నాకు తెలీదూ?"

"మీ ఇష్టం," అంది నిమియా, ఎంతో మర్యాదగా.

సభ రోజున అసున్సియోన్ నగరానికి అల్లికవాళ్ళను ఒక బస్సులో తీసుకెళ్ళారు. అందరికీ తెల్ల రవికలు ఇచ్చి, చివరి వరసలో కూర్చోబెట్టి, నవ్వుతూ ఉండమన్నారు. ముందువరసలో అధ్యక్షుడు, ఆయన భార్య, మంత్రులు. పక్కన సైనికుల బాజా. పతకం నీలిరంగు పెట్టెలో తయారుగా ఉంది. నిమియా దాని వంక చూడలేదు. నడిమి గోడకు బిగించిన ఇత్తడి పలక వంక చూసింది. అక్షరాలు కూడబలుక్కుంటే అందులో లె ఉంది. బో లేదు.

లెయొనార్దా మైకు పట్టుకుంది. "ఈ సూర్యుడు ఒక తెల్లవారుజామున నాకు కలలో కనిపించాడు. లేచి కన్నీళ్ళతో అల్లడం మొదలుపెట్టాను..."

"కన్నీళ్ళలోనే ఉప్పు ఎక్కువైంది," అని గొణిగింది కాందిదా. నిమియా ఆమె తొడ మీద గిల్లింది.

బాజా మోగింది. లెయొనార్దా రిబ్బను కట్టిన కత్తెర తీసుకుని, చట్రం చుట్టూ గుడ్డను కోసి, కిందిది తీసి పారేసి, అల్లికను రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

అల్లిక వేలాడింది. బల్ల తుడిచి దండెం మీద పడేసిన గుడ్డలా వేలాడింది. అంచులు ముడుచుకున్నాయి, సీసాలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోయాయి. చప్పట్లు మొదలై ఆగిపోయాయి. బాజావాళ్ళకు సంగతి తెలియక ఇంకొంచెం సేపు వాయించారు.

అధ్యక్షుడి భార్య ముందుకు వంగింది. "మా అమ్మమ్మ ఇంట్లో ఇవి పళ్ళెంలా నిలబడేవే! దీనికి గంజి పెట్టలేదా?"

లెయొనార్దా తల గిర్రున చివరి వరస వైపు తిప్పి, మైకు చేతిలో ఉందని కూడా మరిచిపోయి అరిచింది. "నిమియా! గంజి పెట్టలేదా నువ్వు?"

నిమియా ఈ ఒక్క ప్రశ్న కోసమే బస్సెక్కి వచ్చింది. తీరిగ్గా లేచింది.

"నన్నడుగుతారేం అమ్మగారూ? కల మీకొచ్చింది. కన్నీళ్ళు మీవి. గంజి పెట్టారో లేదో అల్లిన చేతికి తెలియదా?"

తెల్ల రవికల వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అక్కణ్ణించి నవ్వు మంత్రుల దాకా పాకింది.

లెయొనార్దా వరసల మధ్య నుంచి దూసుకొచ్చి ఆమె చెవిలో బతిమాలింది. "మర్చిపోయానని చెప్పవే. నిన్ను కూడా వేదిక మీదికి పిలిపిస్తాను."

"నేను మర్చిపోలేదు. ఆ మాట మైకులో చెప్పమంటారా?"

కళల ఆఫీసు అమ్మాయి చేతిలో కాగితాలతో వచ్చింది, పాపం చెమటలు కక్కుతూ. "అయితే ఇది ఎవరిదండీ?"

"బోనిఫాసియాది. రాసుకో తల్లీ, నేను రాయలేను కానీ చెప్పగలను. ఇది సూర్యుడు కాదు, ఖాళీ సీసా. మా అమ్మ భర్త చాకోలో దాహంతో పోయాడు. మధ్యలో ఖాళీ కనపడుతోందే, ఆ నీళ్ళు లేని చోటు అదే."

అధ్యక్షుడు పతకం పెట్టె మూత తనే మూశాడు. శుక్రవారం విదేశీ అతిథులు వస్తున్నారు, ఆలోపు అల్లిక గోడ మీద ఉండాలి. ఇస్తానని సంతకం పెట్టింది లెయొనార్దా. దాన్ని సరిచేయగలిగిన మనిషి నిమియా ఒక్కతే.

"చేస్తాను. పలక మార్చండి ముందు. అమ్మ పేరూ, సీసా పేరూ రాయించండి," అంది నిమియా. "ఇంకో సంగతి. చట్రం మీద నుంచి కోసేశారు కదా, ఇక గంజిలో ముంచి, నాలుగు మూలలా నలుగురు లాగి పట్టుకుని ఎండలో ఆరబెట్టాలి. మా వీధిలో ముగ్గురున్నారు. నాలుగో మూలకి లెయొనార్దా గారు రావాలి."

బుధవారం మిట్టమధ్యాహ్నం లెయొనార్దా వచ్చింది. ఎత్తుమడమల జోళ్ళు ఎర్రమట్టిలో దిగబడుతుంటే వాటిని విప్పేసి, ఉత్త కాళ్ళతో నాలుగో మూల పట్టుకుంది. నిమియా నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"వదులు చేయకండి. అంచు వంకర పోతే మళ్ళీ మొదటికి."

గంట గడిచింది. కాందిదా చల్లటి మాతే గ్లాసూ, నీళ్ళకూజా పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, గొట్టం నోటికి అందించింది. నాలుగో మూలకు వచ్చేసరికి కూజా ఖాళీ.

"నిమియా, దాహంగా ఉంది," అంది లెయొనార్దా. "ఎండలేదా ఇంకా?"

నిమియా లేచి వచ్చింది. అల్లికలో ఒక సీసా మధ్య ఖాళీలోంచి ఆవిడ ముఖాన్ని చూసింది. తర్వాత ఒక దారాన్ని గోరుతో మెల్లగా గీసింది. తెల్లటి పొడి రాలి లెయొనార్దా పాదం మీద పడింది. ఎండి ఎంతసేపయిందో కాందిదాకు తెలుసు. ఏదో అనబోయి, అక్క కళ్ళు చూసి నోరు మూసుకుంది.

"ఇంకా తడే," అంది నిమియా. వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చుంది.