మిరియాల రమ్ము, మా అమ్మ గొంతు

నాకు కోపం తెప్పించడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. ఆ సినిమాలో హీరోయిన్ డైలాగులు భలే చెప్పిందండీ అని నా ముందు ఒక్క మాట అంటే చాలు. చేతిలో ఉన్న షేకర్ పక్కన పెట్టేసి, "ఆవిడ చెప్పలేదండీ, మా అమ్మ చెప్పింది" అంటాను. వాళ్ళు నవ్వుతారు. బార్‌లో పనిచేసే అమ్మాయి సరదాగా మాట్లాడుతోందనుకుంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద రెస్టారెంట్‌లో కాక్‌టెయిల్స్ కలపడం నా ఉద్యోగం. మా ఇల్లు రహమత్ నగర్‌లో. మా అమ్మ సినిమాలకు డబ్బింగ్ చెప్పేది. మొదట్లో అన్నీ గుంపు గొంతులే. పెళ్ళి సీన్లో అమ్మలక్కల ముచ్చట్లు, సంతలో గోల, చావింట్లో ఏడుపులు. ఒకరోజు ఫిల్మ్ నగర్ రికార్డింగ్ థియేటర్‌లో హీరోయిన్‌కు చెప్పాల్సిన ఆవిడ జ్వరంతో రాలేదు. విడుదల ముంచుకొస్తోంది. ఎవరూ దొరక్క అమ్మను మైకు ముందు నిలబెట్టారు. హీరోయిన్‌కు తెలుగు రాదు. సినిమాలో ఆమె గోదావరి ఒడ్డు పిల్ల. మా అమ్మ పుట్టింది మెదక్ వైపు. ఇంట్లో "ఏందే, గట్ల జేస్తున్నవ్" తప్ప ఇంకో తెలుగు ఎరగని మనిషి, ఆ అద్దాల గదిలో గోదావరి నీళ్ళు తాగి పెరిగిన పిల్లలా మాట్లాడింది. సినిమా మొత్తం చెప్పింది. టైటిల్స్‌లో మాత్రం ఆమె పేరు లేదు. వేస్తామని కూడా ఎవరూ అనలేదు.

ఆ సినిమాలో ఒక బస్టాండ్ సీన్ ఉంది. హీరో సూట్‌కేసు పట్టుకుని బస్సెక్కబోతుంటే హీరోయిన్ అంటుంది: "వెళ్ళేవాళ్ళని ఆపే అలవాటు నాకు లేదు. తిరిగొచ్చేవాళ్ళకి తలుపు తీసే అలవాటూ లేదు." ఆ మాట ఆటోల వెనక రాసుకున్నారు. టీ షర్టుల మీద అచ్చేసుకున్నారు. ప్రేమలో దెబ్బతిన్న ప్రతివాడూ స్టేటస్ పెట్టుకున్నాడు. అది విన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ హీరోయిన్ మొహం కాదు. పొద్దున్నే స్టవ్ ముందు నిలబడి గొంతు సవరించుకునే మా అమ్మే గుర్తొస్తుంది. ప్రపంచంలో నాకు అంతకంటే ఇష్టమైన సినిమా లేదు, అంత కడుపుమంట పెట్టే సినిమా కూడా లేదు.

ఇప్పుడు పాత సినిమాలన్నీ మళ్ళీ విడుదల చేసే సీజన్ కదా. దాన్ని కూడా మళ్ళీ వదిలారు. థియేటర్లలో కాగితాలు ఎగరేశారు, ఈలలు వేశారు. నిర్మాతగారు మా రెస్టారెంట్‌లోనే సాయంత్రం పార్టీ పెట్టుకున్నారు. సినిమా మీద కాక్‌టెయిల్స్ చేయాలన్నారు. ఆ పని నాకొచ్చింది. నా ఆనందం చూడాలి! ఆ సినిమాను ఫ్రేము ఫ్రేముగా ఎరిగినదాన్ని నేను తప్ప ఆ వంటగదిలో ఎవరున్నారు?

ఫైటు మిర్చి యార్డులో జరుగుతుంది కాబట్టి ఎండుమిర్చి నానబెట్టిన వోడ్కాలో జామపండు రసం పోసి, గ్లాసు అంచుకు ఉప్పూ కారం అద్దాను. వాన పాటకు జిన్ను, దోసకాయ రసం, అందులో తేలే సబ్జా గింజలు. విలన్‌కు విస్కీ, చింతపండు, కాల్చిన బెల్లం. ఇవన్నీ చకచకా అయిపోయాయి. బస్టాండ్ సీన్ దగ్గర ఆగాను. దానికి ఏం చేయాలో నాకు ముందే తెలుసు. రికార్డింగ్ ఉన్న రోజు అమ్మ తాగే కషాయం ఒకటుంది. మిరియాలు, శొంఠి, నాలుగు తులసాకులు, పటికబెల్లం వేసి సగానికి మరిగిస్తుంది. నేను దాన్ని అలాగే కాచి, అందులో నల్ల రమ్ము కలిపి వెచ్చవెచ్చగా ఇద్దామనుకున్నాను. మొదటి గుక్క తియ్యగా దిగుతుంది, ఆ తర్వాత గొంతు భగ్గుమంటుంది. పేరు "గొంతు" అని రాసిచ్చాను.

రుచి చూడ్డానికి నిర్మాతగారే వచ్చారు. మనిషి మంచిగానే మాట్లాడతారు, అదే చిక్కు. "బ్రహ్మాండంగా ఉందమ్మా" అని గ్లాసు ఖాళీ చేసి, "కానీ ఈ పేరేంటి? గొంతునొప్పి మందనుకుంటారు. మేడం పేరు పెట్టేద్దాం" అన్నారు.

"సార్, ఆ సీన్లో గొంతు మేడంది కాదు. మా అమ్మది" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. తర్వాత మొహమంతా నవ్వు చేసుకున్నారు. "ఆవిడ అమ్మాయివా నువ్వు! అయ్యో, ఆవిడ బంగారం కదమ్మా. తీసుకురా. స్టేజీ మీదకు నేనే పిలుస్తా. ఈమె గొంతే ఆ గొంతు అని నా నోటితో చెప్తా. సరేనా?"

నేను ఆ మాట నమ్మాను. ఇంటికెళ్ళి చెబితే అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "ఎందుకే గవన్ని. ఎన్నడో అయిపోయింది. ఇడిసిపెట్టు" అంది. నేను వినలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నలుగురిలో ఆ గొంతు ఆమెదని ఎవరైనా అనాలి. నాకు కావలసింది అంతే. అమ్మకూ అదే కావాలని పార్టీ రోజు తెలిసింది. బీరువాలో అడుగున దాచుకున్న గద్వాల చీర తీసి కట్టుకుంది. నన్ను అడగకుండా పొద్దున్నే కషాయం కూడా కాచుకుంది.

గేటు దగ్గరే మొదలైంది. సెక్యూరిటీ అతను చీర చూసి, చెప్పులు చూసి, "వంటోళ్ళు అటు నుంచి పోవాలె అమ్మా" అని వెనక దారి చూపించాడు. నేను కౌంటర్ వదిలి పరుగెత్తుకెళ్ళి, నాలుగు దులిపి, ముందు గేటు నుంచే తీసుకొచ్చాను. "జర మెల్లగ మాట్లాడు, గాయిన డ్యూటీ గాయిన చేస్తున్నడు" అంటుంది అమ్మ. ఎవరి మీద కోపం వచ్చినా మధ్యలో ఈమె ఒకతె!

మెనూ కార్డు చూస్తే ఇంకా మండింది. నల్ల కార్డు మీద బంగారు అక్షరాలతో నా మిరియాల రమ్ముకు హీరోయిన్ పేరు అచ్చేసి ఉంది. సరే, అచ్చులో మీ ఇష్టం, నోరు నాది కదా అనుకున్నాను. అడిగిన ప్రతివాళ్ళకూ గ్లాసు ఇస్తూ "ఇది గొంతండీ" అని చెప్పి ఇచ్చాను. కొందరు వింతగా చూశారు. చూస్తే చూడనీ.

హీరోయిన్ వచ్చింది. హాలంతా లేచి నిలబడింది. ఇంత వయసు వచ్చినా మనిషి చెక్కుచెదరలేదు. మా బార్ కౌంటర్ స్టేజీ పక్కనే, నల్ల కర్టెన్‌కు ఆనుకుని ఉంటుంది. నిర్మాతగారు ఆమెను అక్కడికే తీసుకొచ్చి అమ్మను చూపించారు. ఆమె అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "మీరే నా వాయిస్ అమ్మా" అంది, వచ్చీరాని తెలుగులో. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. నిజంగానే తిరిగాయి, కాదనను. అయితే ఆ మాటేదో మైకులో చెప్పొచ్చు కదా తల్లీ! స్టేజీ నాలుగడుగుల దూరంలోనే ఉంది.

అప్పుడు నిర్మాతగారు అమ్మ చెవి దగ్గరకు వంగారు. "అమ్మా, చిన్న సాయం. అందరూ బస్టాండ్ డైలాగ్ అడుగుతారు. మేడం గొంతుతో చెబితే మ్యాజిక్ పోతుంది. మీరు ఈ కర్టెన్ వెనక నిలబడి మైకులో చెప్పండి. మేడం అక్కడ పెదాలు కలుపుతారు. మన పద్ధతే కదా, మీకు కొత్తేం కాదు."

చేతిలో గ్లాసు కౌంటర్ మీద పెట్టేశాను. "సార్, మీరు స్టేజీ మీదకు పిలుస్తానన్నారు!"

"పిలుస్తానమ్మా, చివర్లో పిలుస్తా" అన్నారు, నా మొహం చూడకుండా.

"వద్దమ్మా, పోదాం పా" అని అమ్మ చెయ్యి లాగాను. అమ్మ నా చెయ్యి విడిపించుకుంది. మైకు తీసుకుని, చీర కొంగు నడుములో దోపుకుని, కర్టెన్ సందులోంచి హీరోయిన్ పెదాలు కనిపించేలా నిలబడింది. నాకు ఆమె మీద కూడా పట్టరాని కోపం వచ్చింది. పిలిచి పని చెప్తే చాలు, కాదనడం చేతకాదు ఈ మనిషికి అనుకుని పళ్ళు కొరుక్కున్నాను.

హీరోయిన్ పెదాలు కదిలాయి. "వెళ్ళేవాళ్ళని ఆపే అలవాటు నాకు లేదు." హాల్లో ఫోన్లన్నీ పైకి లేచాయి. "తిరిగొచ్చేవాళ్ళకి తలుపు తీసే అలవాటూ లేదు." ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ గొంతు అదే గొంతు. ఈలలు, కేకలు, చప్పట్లు. హీరోయిన్ తలవంచి దణ్ణం పెట్టింది. నా పక్కన మా అమ్మ మైకు పట్టుకుని చీకట్లో నిలబడి ఉంది. ఆ చప్పట్లు వింటూ నేను ఏడ్చాను, బాధతో కాదు, కోపంతో.

"ఒన్స్ మోర్" అని జనం అరిచారు. నిర్మాతగారు కర్టెన్ వైపు చూసి చేత్తో సైగ చేశారు. హీరోయిన్ మైకు పైకెత్తింది. పెదాలు కదిలాయి. గొంతు రాలేదు.

పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. హాల్లో ఎవరో "మైకు, మైకు" అన్నారు. నిర్మాతగారు పరుగెత్తుకొచ్చారు. "అమ్మా, ఏమైంది? చెప్పండి, చెప్పండి!"

అమ్మ చేతిలో మైకు అలాగే ఉంది. "ఎన్క నిలవడి ఒక్కపారి చెప్పిన సారూ. ఇంకోపారి గావాల్నంటే ముంగట నిలవెట్టున్రి. చెప్తా" అంది.

ఆ మైకు ఆపి లేదు. ఆ మాట హాలంతా వినపడింది. మాట మా ఇంటి మాట, గొంతు బస్టాండ్ గొంతు. కౌంటర్ దగ్గర గ్లాసులు పట్టుకుని నిలబడ్డవాళ్ళు చటుక్కున కర్టెన్ వైపు తిరిగారు. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం ఆయన తలచుకుంటే చాలు. కర్టెన్ పక్కకు లాగితే అయిపోయేది. ఆయన అమ్మ చేతిలోంచి మైకు లాక్కుని, "పాట వెయ్యండ్రా" అని అరిచారు. వాన పాట మోత మోగింది. జనం గంతులు మొదలెట్టారు. కౌంటర్ దగ్గరున్న పెద్దమనిషి ఒకాయన "కామెడీ బిట్ బాగుంది" అంటూ నా ముందు ఖాళీ గ్లాసు పెట్టాడు.

నేను కషాయం గిన్నె ఎత్తి మొత్తం సింకులో పోసేశాను. "అయిపోయింది" అన్నాను. ఏప్రన్ విప్పి కౌంటర్ మీద పడేసి అమ్మను తీసుకుని ముందు గేటు నుంచే బయటికొచ్చాను. ఉద్యోగం మర్నాడు ఊడలేదు. నాలాగా కలిపేవాళ్ళు వాళ్ళకు దొరకరు. ఊడినా నాకు చింత లేదు.

మర్నాడు ఆ వీడియో ఫోన్లన్నిటా తిరిగింది. మొదటిసారి చెప్పింది మాత్రమే ఉంచారు, చప్పట్లతో సహా. కింద వందల కామెంట్లు. మేడం గొంతు ఇంకా తేనే అట. పక్కింటి పిన్నికి కూడా వచ్చింది. ఆమె ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చి, "సూడక్కా, ఎంత మంచిగ చెప్పింది" అని అమ్మకు చూపించింది.

అమ్మ చూసింది. ఇన్నేళ్ళుగా బయటివాళ్ళెవరి దగ్గరా అనని మాట అంది. "గా గొంతు నాదే."

పిన్ని విరగబడి నవ్వింది. "నీదా? సాల్లేక్కా! నువ్వెన్నడు మాట్లాడినవ్ గట్ల?"

నేను వంటింట్లోంచి వచ్చిపడ్డాను. "అమ్మా, చెప్పు! గా డైలాగు ఒక్కపారి చెప్పి సూపెట్టు ఈమెకు! ఇప్పుడే!"

అమ్మ ఫోన్ పిన్ని చేతిలో పెట్టింది. నా వైపు తిరిగింది. నన్ను అంత కోపంగా ఆమె ఎన్నడూ చూడలేదు.

"నా ఇంట్ల గూడ నేను పరీచ్చ ఇయ్యాల్నానే?" అంది.