పొయ్యి మీద పెట్టకూడని గిన్నె

నా చిన్నప్పుడు మా అవ్వ దగ్గర రెండు రకాల తెల్ల గిన్నెలు ఉండేవి. రెండింటి మీదా నీలం పూలే. పట్టుకుంటే నునుపు ఒకటే, బరువు కూడా ఇంచుమించు ఒకటే. మొదటి రకం గిన్నెను ఐస్‌పెట్టెలోంచి తీసి తిన్నగా మండే పొయ్యి మీద పెట్టినా ఏమీ కాదు. రెండో రకాన్ని అలా పెడితే ముక్కలై వంటింటి నిండా ఎగురుతుంది. అది పాలగాజు. పెరుగు వేసుకోవడానికీ, పండ్లు పెట్టుకోవడానికీ తప్ప పనికిరాదు. మొదటిదాన్ని ఏమనాలో మా వాళ్ళకు తెలియదు. గాజు కాదు, పింగాణీ కాదు. ఓడల్లో వచ్చింది కాబట్టి ఓడ గిన్నె అనేవాళ్ళు.

మాది వాషర్‌మెన్‌పేట్. నాన్న ఒక టోకు దుకాణంలో లెక్కలు రాసేవారు. గిన్నెల వ్యాపారం మాత్రం పూర్తిగా అవ్వది. తొండియార్‌పేటలో ఓడల మీద పనిచేసి వచ్చినవాళ్ళ ఇళ్ళు చాలా ఉండేవి. ఆ మగవాళ్ళు ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు తెచ్చిన గిన్నెలు అటకల మీద పడి ఉండేవి. ఒకరి ఇంట్లో మూత ఉంటే గిన్నె ఉండదు, ఇంకొకరి ఇంట్లో గిన్నె ఉంటే పిడి ఉండదు. అవ్వ అవన్నీ కొని తెచ్చి, నానబెట్టి, తోమి, ఏ మూత ఏ గిన్నెకు సరిపోతుందో నెలల తరబడి వెతికి జత కలిపేది. జత కుదిరిన రోజు ఆమె ముఖంలో పెళ్ళి కుదిర్చినంత సంతోషం ఉండేది. కొన్నింటిని అమ్మకుండా దాచుకునేది కూడా. ఎందుకవ్వా అంటే, ఇంకా మనసు రాలేదు అనేది.

ఓడ గిన్నె కొనడానికి ఎవరైనా వస్తే అవ్వకు ఒక పద్ధతి ఉండేది. వాళ్ళ ఎదురుగానే గిన్నెను పొయ్యి మీద పెట్టి, మంట పెద్దది చేసి, నీళ్ళు మరిగించి చూపించేది. ఆ తరవాతే చేతికిచ్చేది. కొనేవాళ్ళు ఆశ్చర్యంగా చూస్తుంటే నేను తలుపు వెనక చెవులు మూసుకుని నిలబడేదాన్ని. ఎన్నిసార్లు చూసినా ఈసారి పగులుతుందనే నా నమ్మకం. నేను అలాంటి పిల్లను. ఉరిమితే మంచం కిందికి దూరేదాన్ని. నాన్న ఇంటికి రావడం ఆలస్యమైతే నాకు అన్నం దిగేది కాదు.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు, ఒక సెలవు రోజు పొద్దున, పురసవాక్కం నుంచి ఒక చిన్న వయసు తల్లి వచ్చింది. చంకలో బిడ్డ. బిడ్డకు అప్పుడే గుండు కొట్టించి చందనం పూసి ఉన్నారు, చెవులకు కొత్త కమ్ములు. స్టీలు గిన్నెలో పాలు అడుగంటుతున్నాయని, బిడ్డకు పాలు కాచడానికి ఒక ఓడ గిన్నె కావాలని అడిగింది. ఆ రోజు మా ఇంట్లో గ్యాసు సిలిండరు అయిపోయి ఉంది. కిరసనాయిలు పొయ్యి వెలిగిద్దామంటే బిడ్డ ఏడుపు ఆపడం లేదు, తల్లి నిలబడలేకపోతోంది. అవ్వ పై అరలోంచి ఒక గిన్నె తీసి కాగితంలో చుట్టి ఇచ్చింది. “దీంట్లో అడుగంటేదే లేదు తల్లీ. నేరుగా పొయ్యి మీదనే పెట్టుకో” అని మరీ చెప్పి పంపింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను కింది అరలోంచి ఒక పాలగాజు గిన్నె తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. అది నా ఆట. పాలగాజు గిన్నె వెనక చెయ్యి పెట్టి ఎండకు ఎత్తి పట్టుకుంటే వేళ్ళ నీడలు పాలలో ఈదే చేపల్లా కనిపిస్తాయి. ఆ రోజు ఎంత తిప్పినా చేపలు రాలేదు.

“అవ్వా, దీంట్లో చేపలు లేవు” అన్నాను.

అవ్వ తమలపాకు నములుతున్నదల్లా ఆపేసింది. గిన్నెను తన చేతిలోకి తీసుకుని ఎండకు పట్టింది. ఆమె కళ్ళకు శుక్లాలు వచ్చి అప్పటికే చాలాకాలమైంది. ఆపరేషన్ అంటే భయపడి, పండగ పోనీ, ఎండలు పోనీ అంటూ దాటవేస్తోంది. అందుకని ఆమెకు ఏమీ తెలియలేదు. నన్ను మళ్ళీ చూడమంది. నేను మళ్ళీ చూసి, లేవన్నాను. పై అర ఓడ గిన్నెలది, కింది అర పాలగాజుది. ముందురోజు అరలు కడిగి గిన్నెలు సర్దింది అవ్వే. కింది అరలోకి ఓడ గిన్నె వచ్చిందంటే పై అరలోకి వెళ్ళింది పాలగాజు. పొద్దున ఆ తల్లి చేతికిచ్చింది దాన్నే.

అవ్వ లేచి చీర కొంగు దోపుకుంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, “ఈ ఎండలో యాడికత్తా? ఇల్లు యాడుండాదో కూడా తెలీదు. ఆమేం చంటిపిల్ల కాదు, చూసుకుంటాదిలే” అంది.

“ఆమె చంటిపిల్ల కాదు, చంకలో ఉండేది చంటిపిల్లే గదా. దీపాలయేళకు పాలు కాస్తారు. ఈడ కూర్చుంటే నాకు ఒళ్ళు కాల్తా ఉండాది” అంది అవ్వ. అసలైన ఓడ గిన్నెను సంచిలో పెట్టుకుని నన్నూ రమ్మంది. పొద్దున ఆ తల్లి చేతిలో ఉన్న మంజపై, అంటే బట్టల కొట్లలో ఇచ్చే పసుపుపచ్చ సంచి, దాని మీది అరవ అక్షరాలు నేను చదివాను. కొత్తగా చదవడం వచ్చిన రోజులు, ఏది కనిపిస్తే అది చదివేదాన్ని. ఆ కొట్టు పేరు ఒక్కటే మాకున్న ఆధారం.

ఆటోలో దారి పొడుగునా నేను ఆ వంటిల్లు ఊహించుకుంటూ ఉన్నాను. పాలు, మంట, పక్కనే పాకుతూ వచ్చే గుండు బిడ్డ. అవ్వ సంచిని రెండు చేతులతో గుండెకు హత్తుకుని కూర్చుంది.

పురసవాక్కంలో ఆ బట్టల కొట్టు దొరికింది. సంచి సంగతి చెబితే కొట్లో కుర్రాడు పగలబడి నవ్వాడు. “పాట్టీ, మా సంచి పట్టుకున్నోళ్ళందరినీ నిలబెడితే బీచి దాకా వరస నిలబడతాది” అన్నాడు. మేము బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడ్డాం. ఎటు చూసినా జనం, చీరలు, సంచులు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అవ్వ ఊరుకోమనలేదు, కళ్ళు తుడవలేదు.

“ఏడిస్తే ఏడువు. కళ్ళు మాత్రం రోడ్డు మీద పెట్టు. గుండు బిడ్డ యాడన్నా కనబడతాదేమో చూడు” అంది.

నేను ఏడుస్తూనే చూడడం మొదలుపెట్టాను. వింతేమిటంటే, చూస్తూ ఉంటే ఏడవడం కష్టమైంది. ఈలోపు అవ్వకు ఆ గుండే దారి చూపించింది. కొత్తగా గుండు, కొత్తగా కమ్ములు అంటే ఆ ఇంట్లో ఈ మధ్యే వేడుక జరిగి ఉండాలి. వేడుక జరిగితే పూలు కొని ఉండాలి. మూలమీద పూలమ్ముకునే ఆమె దగ్గరికి వెళ్ళి, కొత్తగా గుండు కొట్టించిన బిడ్డ ఇల్లు ఏదని అరవంలో అడిగింది.

పూలామె అల్లుతున్న దండ ఆపకుండానే చెప్పింది. “ఆ మొట్టై బిడ్డా? అదో, ఆ సందులో మేడ మీద. వాళ్ళ అత్తగారు ఉంది చూడు పాట్టీ, రోజూ నా దగ్గరే మల్లెలు. మూర కొలిస్తే నా చెయ్యి పొట్టిదంటాది. పొడుగు చెయ్యి ఉన్నదాన్ని వెతుక్కో పో అన్నా. మళ్ళీ నా దగ్గరికే వస్తాది.”

అవ్వ ఆ మెట్లు ఎక్కిన వేగాన్ని నేను మళ్ళీ ఎన్నడూ చూడలేదు. తలుపు తీసిన పెద్దావిడతో నమస్కారం లేదు, పలకరింపు లేదు. “ముందు పొయ్యి ఆర్పండమ్మా” అంటూ వంటింట్లోకి నడిచింది. పొయ్యి మీద అల్యూమినియం గిన్నెలో ఏదో ఉడుకుతోంది. గట్టు మీద చూసింది, తొట్టిలో చూసింది. తెల్ల గిన్నె ఎక్కడా లేదు. అప్పుడు అవ్వ ముఖం చూసి నాకు నిజంగా భయం వేసింది. పొద్దున వచ్చిన ఆ తల్లి గదిలోంచి బిడ్డతో సహా వచ్చి నిలబడింది.

“గిన్నె యాడ తల్లీ?”

“నన్నెందుకడుగుతారవ్వా, ఆమెనే అడగండి” అంది ఆ అమ్మాయి మూతి ముడుచుకుని. “బిడ్డకని నేను మోసుకొచ్చుకుంటే, ఆమె ఎత్తి పెట్టుకునింది.”

“పెట్టుకోనా మరి? అంత అందమైనదాన్ని పొయ్యి మీదెక్కించి నలుపు చేస్తానంటాది. పొద్దుట్నించీ ఇంట్లో ఇదే సండ, ఇదే రచ్చ. సాయంత్రం మొగుడు రానీ, ఆయన చేత గిన్నె ఇప్పించుకుంటా, ఇప్పించుకుంటా అని” అంటూ అత్తగారు ఐస్‌పెట్టె తలుపు తీసింది. మా గిన్నె లోపల చల్లగా కూర్చుని ఉంది. దాని నిండా తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు.

అవ్వ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. అత్తగారు కంగారుపడి నీళ్ళు ఇచ్చింది. నీళ్ళు తాగాక అవ్వ ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. ఇది పొయ్యి మీద పెట్టే గిన్నె కాదని, పెడితే పగిలేదని, తన కళ్ళు సరిగా లేక పొరపాటున ఇచ్చానని. మేలైనది తెచ్చాను, మార్చుకోండి అని తేలిగ్గా ఒక మాట అనేసి బయటపడవచ్చు. ఆమె అలా అనలేదు. ఆ అమ్మాయి బిడ్డను ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. అత్తగారు మాత్రం, “చూసినావా!” అంది. ఆ ఒక్క మాటతో ఆమె ఊరుకున్నందుకు ఇప్పుడు నాకు ఆశ్చర్యమేస్తుంది.

తరవాత అవ్వ సంచిలోంచి ఓడ గిన్నె తీసి, పొయ్యి మీద పెట్టి, మంట పెద్దది చేసి, వాళ్ళ ఎదురుగా పాలు కాచింది. అత్తగారు గది గుమ్మంలోంచి తల మాత్రం పెట్టి చూసింది. పాలు పొంగాయి. గిన్నెకు ఏమీ కాలేదు. ఆ రోజు నేను చెవులు మూసుకోలేదని నాకు తరవాతెప్పుడో గుర్తొచ్చింది.

రెండో గిన్నెను అవ్వ వెనక్కి తీసుకోలేదు. “ఒకటి కొంటే రెండిస్తావా? ఇదేం యాపారం?” అని అత్తగారు అడిగితే, “ఇంట్లో ఇద్దరుండారు గదమ్మా. ఒకరికి పాలు, ఒకరికి పూలు” అంది. ఆ మాటకు మొదట నవ్వింది కోడలే.

తిరుగు ప్రయాణం బస్సులో. నాకు ఇంకో భయం మొదలైంది. “అవ్వా, ఇంతకుముందు అమ్మినవాటిలో కూడా పాలగాజువి ఉంటే?” అని అడిగాను.

“అవన్నీ నేను మంట మీద పెట్టి చూసి ఇచ్చినవే. చూడనిది ఈ ఒక్కటే, దాన్నీ చూసొస్తిమి. చూడనిదానికి భయపడితే లేచి పోయి చూడాల. చూసినదానికి మళ్ళీ భయపడగూడదు పాపా. అట్టా అయితే మనిషి బతకలేదు.” అంతే. ఇంటికి వచ్చాక అమ్మ అడిగితే రెండు ముక్కల్లో చెప్పి, రాత్రి వంటకు చింతపండు నానబెట్టమంది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

కాని ఆ వారంలోనే నాన్నను పిలిచి కంటి ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. ఆపరేషన్ అయి కట్టు విప్పేదాకా కొనడానికి వచ్చినవాళ్ళను ఆపి, నన్ను పిలిచి, గిన్నెను నా చేతికిచ్చేది. నేను కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని చూసి, చేపలున్నాయో లేవో చెప్పేదాన్ని. నేను చెప్పాకే అది పొయ్యి మీదికి వెళ్ళేది. ఇంట్లో అందరూ నన్ను భయపడకు, భయపడకు అని చెప్పి విసిగిపోయారు. అవ్వ ఒక్కతే ఆ భయానికి ఒక పని ఇచ్చింది.

ఇప్పుడు ఆ గిన్నెలు నా దగ్గరున్నాయి. పాత వస్తువులు ఇష్టపడేవాళ్ళు ఫోన్లో అడుగుతుంటారు, మా పాప నిద్రపోయాక ఒకటీ అరా గిన్నెలను ఫొటో తీసి అమ్ముతుంటాను. ప్రతి ఓడ గిన్నెనూ మంట మీద పెట్టి వీడియో తీసి పంపుతాను. పాలగాజువాటి మీద పొయ్యికి పనికిరాదని కాగితం అంటిస్తాను. అందులో నాకు బెంగ లేదు. నా బెంగంతా పాప గురించే. దగ్గు వస్తే, అన్నం మానేస్తే, నా కంటికి ఆనకుండా పార్కులో ఉయ్యాల ఎక్కితే. చదువుకున్నదాన్ని కాబట్టి నాకు తెలిసిన జబ్బుల పేర్లు కూడా ఎక్కువే. చూసినదానికి మళ్ళీ భయపడకూడదన్న మాట నాకు పూర్తిగా పట్టుబడిందని చెప్పలేను. పది సార్లలో కొన్నిసార్లు పట్టుబడుతుంది.

మొన్న బడి వ్యాను రావలసిన వేళకు రాలేదు. డ్రైవరు ఫోన్ ఎత్తలేదు. మిగతా తల్లులు గేటు దగ్గర నీడలో నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేను చెప్పులు వేసుకుని వంతెన దాకా నడిచాను. వంతెన మీద బండ్లన్నీ నిలిచిపోయి ఉన్నాయి, వాటి మధ్యలో మా పసుపు వ్యాను. కిటికీలోంచి నన్ను చూసి పాప నాలుక బయటపెట్టి వెక్కిరించింది. నేనూ వెక్కిరించాను. తరవాత వెనక్కి తిరిగి, వ్యాను కదిలిందో లేదో మళ్ళీ చూడకుండా, గేటు దాకా నడిచి వచ్చి ఆ తల్లులతో పాటు నీడలో నిలబడి టమాటాల ధర గురించి మాట్లాడాను.