హ్యాండిల్‌కు కొబ్బరి డొప్పలు

ఈరోజు తెల్లారగానే బండి హ్యాండిల్‌కు రెండు కొబ్బరి డొప్పలు కట్టాను. ఎండు పీచు వాసన తగలగానే మా నాన్న సైకిల్ గుర్తొచ్చింది.

కవిటి వైపు మన ఈడు వాళ్లకు గుర్తుండాలి. చలికాలంలో కొబ్బరికాయలు వేసుకుని సోంపేట వెళ్లేటప్పుడు నాన్న చేతులకు గాలి కొట్టకుండా హ్యాండిల్ ముందు ఇలాగే డొప్పలు కట్టేవాడు. నేను ముందు కడ్డీ మీద కూర్చుని ఆయన వేళ్ల పక్కనే నా వేళ్లు దాచుకునేవాణ్ని. లోపల గరుకుగా, వెచ్చగా ఉండేది.

మొన్న మంచులో నా వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు పట్టలేకపోయాను. బండి గట్టుకు తగిలి ఆగింది. వెనక నా భార్య ఉంది. ఆమెను డయాలసిస్‌కు పలాస తీసుకెళ్తున్నాను. చలి అని మానేసే పని కాదది.

డొప్పలు చూసి ఆమె ఒకటే నవ్వు.

"ఏటి మావా, బండికి కొమ్ములు మొలిసినాయేటి?"

"నవ్వింది సాలు. బేగి ఎక్కు."

"మరి నా సేతులకో?"

"నా కోటు జేబుల్లో ఎట్టుకో."

పెట్టుకుంది. పలాస దాకా తియ్యలేదు. నా వేళ్లకూ ఈసారి బ్రేకు పట్టు తప్పలేదు. ఎల్లుండీ ఇలాగే వెళ్తాం.