వంతెన మీద తమ్ముడు

నిన్న తూంకుంటలో మా అక్క కొడుకు గేమ్ ఆడుతూ, మధ్యలో కథ చెప్పే వీడియో రాగానే బటన్ నొక్కి దాటేశాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

మన రోజుల్లో అలా దాటేసే వీలుందా, చెప్పండి? మేడ్చల్‌లో మా ఇంట్లో, టీవీకి తగిలించి ఆడే గేమ్‌లో హీరో తమ్ముడు వంతెన అంచున వేలాడే వీడియో ఒకటి వచ్చేది. అది నడిచినంతసేపూ ఆట రిమోట్ పనిచేసేది కాదు. తమ్ముడు పడిపోయేవాడు. బడి నుంచి వచ్చి ఆడుతూ అక్కడికి చేరేసరికి కరెంటు కోత టైమయ్యేది. ఆట సేవ్ కాకముందే కరెంటు పోయేది. మర్నాడు మళ్లీ అదే వంతెన.

పక్కన చిక్కుడుకాయలు తుంచుతూ చూసే మా అవ్వ, నేనే పడేస్తున్నాననుకునేది.

"ఇయ్యాల గూడ పడగొట్టినవా? జల్దీ ఒత్తరాదుర!"

"అవ్వా, గిప్పుడు బటన్లు పనిజెయ్యయ్. వాడు పడుడే."

"గట్లెట్ల పడ్తడు? రిమోట్ చేతిల వెట్టుకొని సూస్తనే ఉంటవా?"

ఒకరోజు చాట పక్కన పెట్టి, నా బొటనవేలి మీద తన వేలు ఆనించింది. ఇద్దరం కలిసి నొక్కాం. తమ్ముడు పడిపోయాడు. వెంటనే కరెంటూ పోయింది.

ఆ రోజు అవ్వ నన్ను తిట్టలేదు. నల్లబడిన టీవీనే చూస్తూ, నా వేలిని ఇంకా నొక్కుతూనే ఉంది.