గడప దగ్గర పలికిన పేరు

నా పెళ్లయి ఇంకా నెల కూడా కాలేదు, ఈ సంగతి మీకు చెప్పకపోతే ఉండలేను! మాది లక్సెట్టిపేట. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే కాబట్టి, పెళ్లికి కరీంనగర్ నుంచి ప్లానర్‌ని పెట్టుకుందామంటే మా నాన్న, అదే మా బాపు, కాదనలేదు.

"పద్ధతి పాతదే గానీ, మీకు నచ్చినట్టు మార్చుకుందాం చెల్లె. ఏది మార్చమంటవ్?" అని ఆ ప్లానర్ అక్క అడిగింది.

మా వైపు కొత్త జంట ఒకరి పేరు ఒకరు చెబితేనే ఇంటి ఆడపడుచులు గడప దాటనిస్తారు. "మా తర్వాత అవ్వ, బాపు కూడా చెప్పాలె" అన్నాను. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం.

పెళ్లయి మా ఇంటికొచ్చాక గడప దగ్గర మేం పేర్లు చెప్పేశాం. ప్లానర్ అక్క మైకు అవ్వకు అందించింది. భర్త పేరు ఎన్నడూ పలకని అవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

"మొగని పేరు మైకుల చెప్పుమంటరానే? డిగ్రీల గిదే నేర్పిండ్రా?" అని పెద్దమ్మ గయ్యిమంది. అవ్వ కళ్లలో నీళ్లు చూసి, ఎంత పని చేశానా అని మైకు వెనక్కి తీసుకోబోయాను.

అప్పుడు బాపు మైకు తీసుకున్నాడు. ఎప్పుడూ "ఏమే" అని పిలిచే మనిషి, "రాజవ్వ" అన్నాడు.

అవ్వ మెల్లగా ఇటు తిరిగి, "మల్లయ్య" అంది.

"జర గట్టిగ అనరాదే, ఇనవడలే" అన్నాడు బాపు.

"ఇనవడకుంటే నీ మొకమెందుకు గట్ల ఎలుగుతుంది?" అంది అవ్వ.

అందరూ ఒకటే నవ్వులు. ఒక పేరు కోసం మనిషి ఇంతకాలం ఎదురుచూస్తాడా అని నేను మాత్రం బాపు మొహం వైపే చూశాను. ఆ రోజు పెళ్లయింది వాళ్లకేనన్నట్టు, నేనూ మా ఆయనా పక్కకు జరిగి ముందు గడప దాటమని వాళ్లిద్దరికీ దారి ఇచ్చాం.